శమంతకమణి దగ్గరున్నవాళ్లను ఎలా చెడగొట్టింది?

మణి ఎవరి చెవిలోనూ ఏమీ ఊదదు. రోజూ 8 బారువుల బంగారం ఇస్తుంది, శుచి లేనివాడు పట్టుకుంటే ప్రాణం తీస్తుంది, మిగతా పని మనిషి ఆశే చూసుకుంటుంది. మణి సొంతదారు సత్రాజిత్తు, కృష్ణుడు అడిగినా ఇవ్వలేదు; తమ్ముడు ప్రసేనుడు దాన్ని మెళ్లో వేసుకుని వేటకెళ్లి సింహానికి బలయ్యాడు, నింద మాత్రం కృష్ణుడి మీద పడింది. ఆ నింద పోగొట్టుకోడానికి కృష్ణుడు మణిని వెతికి తెచ్చి సత్రాజిత్తుకే ఇచ్చాడు.

చవితి కథ మనం దాదాపు అక్కడే ఆపేస్తాం గానీ అసలు ఘోరం తర్వాతే ఉంది: శతధన్వుడనే యాదవుడు నిద్రలో ఉన్న సత్రాజిత్తును చంపి మణి ఎత్తుకెళ్లి, తీరా భయమేసి అక్రూరుడనే మరో యాదవుడి దగ్గర దాచి గుర్రమెక్కి పారిపోయాడు. కృష్ణుడు వాణ్ణి చంపి బట్టలు వెతికితే మణి లేదు. విష్ణుపురాణంలో సొంత అన్న బలరాముడే ఆ మాట నమ్మలేదు! మా చిత్తూరు వైపైతే కాణిపాకంలో ప్రమాణం చేయమనేవాళ్లు. కృష్ణుడు అక్రూరుణ్ణి పిలిపించి, మణిని అందరికీ చూపించి, మళ్లీ అతనికే ఇచ్చేశాడు.