రెండేళ్ల బాబును అరకు అద్దాల రైలు ఎక్కించడం దండగ అవుతుందా?

మీరు అడిగినది ఇది: ఉండేది విజయవాడ, బాబుకు 2 ఏళ్ల 3 నెలలు, రైలు కనబడితే చాలు అన్నం తినడం కూడా మరిచిపోతాడు, సంక్రాంతి వెళ్లాక విశాఖ వచ్చి, అక్కడి నుంచి అరకుకు అద్దాల రైలులో తీసుకెళ్లాలని ఉంది, అంత ఛార్జీ పెట్టి, తెల్లవారకముందే లేపి తీసుకెళ్తే వాడికి అందులో ఏమైనా అందుతుందా, లేక దండగేనా? మేము విశాఖలోనే ఉంటాం. మా పాపను ఆ రైలులో రెండుసార్లు తీసుకెళ్లాం. మొదటిసారి తనకు 22 నెలలు, రెండోసారి నాలుగేళ్లు నిండవస్తున్నాయి. మొదటి ప్రయాణం ఎలా జరిగిందన్న విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ మాట కుదరలేదు. బాగానే జరిగిందని మా వారు అంటారు. ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు, పాప నా ఒళ్లో ఉంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. బాబు కోసమే అయితే ఈసారికి మానుకోండి. మీ దంపతులకు చూడాలని ఉంటే నిక్షేపంగా వెళ్లండి, వాణ్ణి వెంట తీసుకెళ్లండి. ఈ రెండూ ఒకటి కావు. వాడి కోసమే వచ్చామనుకున్నప్పుడు పది నిమిషాలకొకసారి ‘అదిగో కొండ చూడు నాన్నా, ఇదిగో లోయ చూడు నాన్నా’ అంటూ వాడి తలను పట్టి తిప్పుతూనే ఉంటాం, వాడు చూడకపోతే డబ్బు పోయినట్టు మనకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంతకూ అద్దాల రైలు అంటే రైలంతా అద్దాలు కాదు. విశాఖపట్నం నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే మామూలు రైలుకే విస్టాడోమ్ బోగీని తగిలిస్తారు. 2017 ఏప్రిల్‌లో ఈ మార్గంలో మొదలైంది. బోగీకి 44 సీట్లు, పెద్ద పెద్ద కిటికీలు, పైకప్పులో కూడా అద్దాలు, కావలసిన వైపుకు తిప్పుకునే కుర్చీలు, ఏసీ. పెద్దవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? కానీ రెండేళ్ల పిల్లలు రైలులో దేన్ని ఇష్టపడతారో ఒకసారి గమనించండి. మా పాప విషయంలో అది కిటికీ ఊచలను రెండు చేతులా పట్టుకుని ముఖానికి గాలి కొట్టించుకోవడం, ‘చాయ్ చాయ్’ అంటూ వచ్చే అతని వెనకాలే తానూ అరవడం, ఎదురు బెర్తు వాళ్ల పిల్లలతో బిస్కట్లు మార్చుకోవడం, వంతెన మీద వచ్చే దడదడ శబ్దానికి కళ్లు పెద్దవి చేయడం. ఇంజను కూత వినబడాలి, అది అన్నిటికంటే ముఖ్యం. అద్దాల బోగీలో ఊచలు లేవు, గాలి రాదు, చప్పుడు సగానికి సగం తగ్గిపోతుంది. బయటి దృశ్యం కోసం పిల్లలు రైలును ప్రేమించరు కదా, దూరంగా ఉన్న కొండ వాళ్లకు గోడ మీద బొమ్మతో సమానం. మనకు అదనంగా డబ్బు తీసుకుని ఇచ్చేది ఆ దృశ్యమే. అందుకోసం తీసేసినవన్నీ వాడికి కావలసినవి.

రెండో ఇబ్బంది వేళలది. దీని గురించి మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. రైలు ఉదయం ఏడు గంటలలోపే విశాఖలో బయలుదేరుతుంది, అరకు చేరేసరికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. అంటే పాపను అయిదింటికి లేపి, స్వెట్టరు తొడిగి, నిద్ర కళ్లతోనే స్టేషనుకు మోసుకెళ్లాం. సింహాచలం, పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా అంతా మైదానమే: పొలాలు, తాటిచెట్లు, అక్కడక్కడా ఇటుక బట్టీలు. పాప హుషారుగా ఉన్నది సరిగ్గా ఆ గంటన్నర. ఆ సమయంలో చేసిందల్లా కుర్చీని గుండ్రంగా తిప్పడం. ముందు వరుసలోని పెద్దాయన మోకాలికి రెండుసార్లు తగిలాక ఆ ఆట ఆపవలసి వచ్చింది. బొడ్డవర, శివలింగపురం దాటి అసలు కొండ ఎక్కడం మొదలయ్యేసరికి తొమ్మిది కావస్తోంది. అయిదింటికి లేచిన పిల్లకు తొమ్మిదంటే మధ్యాహ్నం నిద్ర వేళతో సమానం. త్యాడ స్టేషను రాకముందే కళ్లు మూతలు పడ్డాయి. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, ఈ మధ్య భాగం కోసమే జనం దేశంలో ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా పాప ఆ భాగంలో చాలావరకు నా భుజం మీద చొంగ కారుస్తూ నిద్రపోయింది. నేను మాత్రం చేయి తిమ్మిరెక్కినా కదల్చకుండా, తల ఒక పక్కకే తిప్పి, ఆ పక్కన పడిన లోయలను మాత్రమే చూశాను.

మధ్యలో మెలకువ రాలేదా అంటే వచ్చింది, సొరంగాల వల్ల. కొత్తవలస–కిరండూల్ లైనును బైలాదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడం కోసం 1960లలో జపాను సహకారంతో కొండలను తొలిచి వేశారు, ఇందులో 58 సొరంగాలు ఉన్నాయి. సొరంగంలోకి రైలు దూరగానే ప్రయాణికులందరూ ఒక్కసారిగా ‘ఓ’ అని అరవడం ఈ రైలులో ఆనవాయితీ. యువకులు ఎక్కువగా ఉన్న రోజున ఇక చెప్పనక్కరలేదు. పాప చీకటికి భయపడలేదు, ఆ అరుపులకు భయపడింది. మొదటి సొరంగంలో ఉలిక్కిపడి లేచి ఏడ్చింది, రెండోదానిలో నా మెడను గట్టిగా కరుచుకుంది. మూడోది వచ్చేసరికి మా వారు తమ అరచేతులతో దాని చెవులు మూసి, వెలుతురు రాగానే తీసి ‘పోయింది’ అన్నారు. నాలుగోదాని నుంచి అది ఆటగా మారింది. చీకటి పడగానే తానే ఆయన చేతులను లాక్కుని చెవుల మీద పెట్టుకునేది. ఈ ఒక్క విషయంలో ఆయన వాదన ఒప్పుకుంటాను. మీ బాబుకు పెద్ద శబ్దాలంటే జంకు ఉంటే, మిక్సీ వేసినప్పుడు పక్క గదిలోకి పారిపోయే రకమైతే, ఇది బాగా ఆలోచించవలసిన సంగతి.

ఆ రోజు పాప నిజంగా గంతులేసినది ఒక్కచోటే, అదీ ఎవరూ ఫొటో తీయని చోట. ఒక చిన్న స్టేషనులో మా రైలును క్రాసింగు కోసం ఆపారు. ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు బండి దిగి వస్తోంది. ఇంజన్ల మోతకు అద్దం సన్నగా అదిరింది. ఎర్రమట్టి పట్టిన వ్యాగన్లు ఒకదాని వెనుక ఒకటి అంతూపొంతూ లేకుండా వెళ్తుంటే, పాప అద్దానికి ముక్కు ఆనించి ప్రతి వ్యాగనుకూ విడివిడిగా ‘టాటా’ చెప్పింది. చివరి బోగీలోని గార్డు తిరిగి చేయి ఊపాడు. అరకు గురించి ఎవరడిగినా కొన్ని నెలలపాటు తను చెప్పింది ఆ గార్డు సంగతే. లోయల సంగతి, శిమిలిగుడ సంగతి ఎత్తనే లేదు. సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉండి, బ్రాడ్‌గేజి స్టేషన్లలో అతి ఎత్తైనదిగా చాలాకాలం పేరుపొందిన ఆ స్టేషనులో మేము పాపను నిలబెట్టి ఫొటో తీశాం, అందులో తను పాలసీసా వైపు చూస్తోంది.

అరకులో దిగాక జరిగినది ఇంకా విచిత్రం. పద్మాపురం ఉద్యానవనంలో పిల్లల కోసం చిన్న బొమ్మరైలు ఒకటి తిరుగుతుంది. టికెట్టు ఖర్చు దాదాపు ఏమీ లేదు, తిరిగేది కొద్ది నిమిషాలు. పాప దాన్ని చూడగానే ఒళ్లో నుంచి జారి పరుగెత్తింది, మూడుసార్లు ఎక్కింది, నాలుగోసారికి మేము వద్దంటే నేల మీద పడి పొర్లింది. ఇంజను తన కళ్లెదుటే కనబడుతోంది, డ్రైవరు ముందే కూర్చున్నాడు, కూత వేస్తే వినబడుతోంది, ఎక్కడం దిగడం తన చేతిలో ఉంది. నాలుగు గంటల రైలు ఇవ్వనిది ఆ నాలుగు నిమిషాల రైలు ఇచ్చింది. తిరుగు ప్రయాణం కారులో, ఘాట్ రోడ్డు మలుపుల్లో పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను.

రెండోసారి వెళ్లినప్పుడు మేము చేసిన మార్పు ఒకటి మీకు పనికి రావచ్చు. టికెట్టు విశాఖ నుంచే తీసుకుని, ఎక్కే స్టేషనును మాత్రం శృంగవరపుకోటగా మార్చుకున్నాం. తెల్లవారాక పాపను దాని వేళకే లేపి, పాలు తాగించి, కారులో అక్కడికి చేరుకున్నాం. మైదానపు భాగం తప్పిపోయింది, రైలు ఎక్కిన కాసేపటికే కొండలు మొదలయ్యాయి. పాప సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, అప్పటికి తనకు వచ్చిన అంకెలు ఇరవై వరకే కావడంతో, ఇరవై ఒకటోదాన్ని మళ్లీ ఒకటి అన్నది. ‘ఈ బావిలోంచి బయటికి రావడానికి ఎంతసేపు?’ అని ప్రతిసారీ అడిగింది. అప్పుడు నాకు అర్థమైంది, మొదటిసారి తప్పు రైలుది కాదు, మాది. రాబోయేదాని కోసం ఎదురుచూడడం వచ్చిన వయసు పిల్లలకు సొరంగం ఒక కథ, అంతకు ముందు వయసువాళ్లకు అది ఉన్నట్టుండి దీపం ఆరిపోవడమే.

ఇక మీ సంగతికి వద్దాం. మీరు గమనించారో లేదో, విజయవాడ నుంచి విశాఖ రావడమే సుమారు 350 కిలోమీటర్ల రైలు ప్రయాణం. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చినా ఆరు గంటల మాట. రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన ఎక్కినప్పుడు వాడి చేతికి ఒక రూపాయి బిళ్ళ ఇచ్చి నదిలో వేయించండి. వాడికి కావలసిన రైలు ఆ రోజే, ఆ బోగీలోనే దొరికిపోతుంది. మరునాడు అయిదింటికి లేపి మళ్లీ నాలుగు గంటలు కూర్చోబెడితే, రైలు మీద ఉన్న ప్రేమ కాస్తా విరక్తిగా మారవచ్చు. అసలు ప్రయాణమే కుదరకపోతే, ఏదో ఒక ఆదివారం పాసింజరులో తెనాలి వెళ్లి రండి. కృష్ణ వంతెన దాటడం, స్టేషనులో దిగి ఇడ్లీ తినడం, మళ్లీ ఎక్కడం, అంతా ఒక పూటలో అయిపోతుంది. వాడు గంటసేపు సీటులో ఎలా కూర్చుంటాడో, ఎప్పుడు విసుగు చూపుతాడో, నిద్ర వేళ ఏం చేస్తాడో మీకు తెలిసిపోతుంది. ఆ పరీక్షలో నెగ్గితే అరకు మాట ఆలోచించండి. విశాఖ వచ్చాక కైలాసగిరి మీద కూడా కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు ఉంది, ఒక పక్కన సముద్రం కనబడుతుంది. రెండేళ్ల పిల్లవాడికి నేను ముందు ఓటు వేసేది దానికే.

ఇన్ని చెప్పినా వెళ్లాలనే ఉంటే మాత్రం కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. రైల్వే సాధారణ నియమం ప్రకారం 5 ఏళ్లలోపు పిల్లలకు విడిగా సీటు అడగకపోతే టికెట్టు అక్కరలేదు. అయినా ఈ బోగీలో నాలుగు గంటలు ఒళ్లో మోయడమంటే మాటలు కాదు కనుక, స్థోమత ఉంటే వాడికీ ఒక సీటు తీసుకోవడమే నయం. బుక్ చేసేటప్పుడు ఛార్జీ, వేళలు ఒకసారి సరిచూసుకోండి, అవి మారుతుంటాయి. సీట్లు తక్కువ కనుక శీతాకాలంలో చివరి నిమిషంలో దొరకవు. ఏసీ చల్లగా ఉంటుంది, అదే సమయంలో పైఅద్దంలోంచి ఎండ నేరుగా నెత్తి మీద పడుతుంది. స్వెట్టరూ టోపీ రెండూ కావాలి. పాలు, పెరుగన్నం ఇంటి నుంచి తెచ్చుకోండి. బొర్రా గుహలను అదే రోజున కలపకండి, లోపల మెట్లు చాలా ఉన్నాయి, నిద్రపోతున్న పిల్లవాణ్ణి ఎత్తుకుని అవి దిగి ఎక్కడం ఎంత కష్టమో చేసి చూసిన వాళ్లలో నేనొకదాన్ని. వీలైతే ఆ రాత్రి అరకులోనే ఉండి, మరునాడు నెమ్మదిగా కిందికి దిగండి.

అద్దాల బోగీలో సీట్లు దొరకలేదనుకోండి, ప్రయాణం మానుకోవలసిన పని లేదు. అదే రైలుకు మామూలు బోగీలు కూడా ఉంటాయి, అవే కొండలు, అవే సొరంగాలు. ఊచలున్న కిటికీ పక్కన చోటు చూసుకుని, వాడి చేతులు బయటికి పోకుండా పట్టుకుని కూర్చోండి. పల్లీలమ్మే వాళ్లు వస్తారు, ఇంజను కూత వినబడుతుంది.