కాగితం కబుర్లు: ముహూర్తం గురువారమా, శుక్రవారమా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా శుభలేఖల గురించే. నల్లకుంటలో 22 ఏళ్లు డీటీపీ సెంటర్ నడిపాను. అంతకుముందు మా నాన్న కాచిగూడలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్. ఇంటికొచ్చాక ఆయన వేళ్ల నలుపు సబ్బుకి పోయేది కాదు, కిరోసిన్‌తో తుడిచేవాడు. షాపు మూసేసినా, ఎవరైనా బొట్టు పెట్టి కార్డు చేతికిస్తే "సంతోషం" అనడానికి ముందే నా కళ్లు అచ్చుతప్పుల కోసం వెతుకుతాయి. మర్యాద కాదని తెలుసు, ఏం చేయను.

మా అమ్మాయి ముహూర్తం పంతులుగారు "12 గురువారం రాత్రి 2.17 గంటలకు, తెల్లవారితే శుక్రవారం" అని రాసిచ్చారు. మా అబ్బాయేమో ఇంగ్లీషు వైపు 13 శుక్రవారం అని వేయాలంటున్నాడు. ఒకే కార్డులో రెండు తేదీలుంటే జనం నవ్వరా అక్కా? ఏది కరెక్టు?
— పెళ్లికూతురి తల్లి, మల్కాజిగిరి

రెండూ కరెక్టే వదినా. గొడవంతా అక్కడే. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలై మర్నాడు సూర్యోదయం దాకా సాగుతుంది. అందుకే రాత్రి 2.17 ఇంకా గురువారమే. గడియారానికి మాత్రం పన్నెండు కొట్టగానే తేదీ మారిపోతుంది. సికింద్రాబాదులో అర్ధరాత్రి దాటాక రైలెక్కేవాళ్లకి ఈ తిప్పలు బాగా తెలుసు. 13వ తేదీ 12.15 రైలుకి 13 రాత్రి స్టేషన్‌కి వెళ్లి, నిన్నే పోయిన బండి కోసం ఎదురుచూసినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

మా చిన్నాన్న కూతురి పెళ్లికి నేనే మేటర్ కొట్టాను. మీ ఇంట్లోలాంటి ముహూర్తమే. ఇంగ్లీషు లెక్క ప్రకారం "శుక్రవారం" అని కొట్టి, పక్కన అలవాటుగా "రాత్రి 2.17" అని కొట్టేశాను. ఒక్క "రాత్రి" ఎంత పని చేసిందో చూడండి. నిజామాబాద్ నుంచి మా పెద్దమ్మ వాళ్లు పదకొండు మంది సుమో మాట్లాడుకుని శుక్రవారం సాయంత్రం ఫంక్షన్ హాలుకి వచ్చారు. అప్పటికి పొద్దున్నే అప్పగింతలైపోయి, పిల్ల అత్తారింట్లో ఉంది. హాల్లో షామియానా వాళ్లు కుర్చీలు డీసీఎం వ్యానులోకి ఎక్కిస్తున్నారు. మా పెద్దమ్మ ఒక కుర్చీ దింపించుకుని కూర్చుని నాకు ఫోన్ చేసింది. ఆవిడ అన్న మాటలు పత్రికలో వేయడానికి బాగోవు.

కాబట్టి తెలుగు వైపు పంతులుగారి మాట పంతులుగారిదే ఉంచండి: "12వ తేదీ గురువారం రాత్రి 2.17 గంటలకు (తెల్లవారితే 13 శుక్రవారం)". ఇంగ్లీషు వైపు 13 శుక్రవారం వేయొచ్చు. కానీ దాని పక్కన రాత్రి అన్న అర్థం వచ్చే మాట పెట్టకండి, తెల్లవారుజాము అనే అర్థం రావాలి. దానికంటే ముఖ్యం, రెండు వైపులా ముహూర్తానికి పైన, కాస్త పెద్ద అక్షరాల్లో విందు వేయండి: "12వ తేదీ గురువారం రాత్రి 7.30 నుంచి". మనవాళ్లు ముహూర్తం చూసి కాదు, భోజనం టైము చూసి బయల్దేరతారు. భోజనానికి వచ్చినవాళ్లు ముహూర్తానికి ఉన్నా లేకపోయినా, రోజు మాత్రం తప్పరు.

వాట్సాప్ కార్డులో వీడియో లింకు పెట్టేటట్టయితే అక్కడి టైము కూడా వేయండి. మన 2.17 న్యూజెర్సీలో చలికాలమైతే గురువారం మధ్యాహ్నం 3.47, వాళ్ల గడియారాలు ముందుకి తిప్పుకునే నెలల్లో 4.47.

నా పెళ్లి కార్డు నేనే చేసుకోవాలని పూలరేకులున్న హ్యాండ్‌మేడ్ పేపర్ కొన్నాను. ఇంట్లో ప్రింటర్‌లో పెడితే అక్షరాలు పాకిపోయాయి. ఇంకోసారి పేపర్ ఇరుక్కుంది. మందం కార్డు మడిస్తే మడత మీద పగులుతోంది. మొత్తం వదిలేయమంటారా మేడమ్?
— పెళ్లికొడుకు, కొండాపూర్

వదిలేయకండి, పని రెండుగా విడగొట్టండి. హ్యాండ్‌మేడ్ పేపర్ ఎక్కువగా కాటన్ గుడ్డ పీలికల గుజ్జుతో చేస్తారు. అది ఇంకు తాగేస్తుంది. ఇంగ్లీషుకైతే అక్షరం కొంచెం లావవుతుంది, అంతే. తెలుగులో అలా కుదరదు. "కి"లో గుడి చివర చిన్న మెలిక తిరిగితేనే అది "కీ". ఇంకు పాకితే ఆ మెలిక పూడిపోతుంది. "ప"కీ "ష"కీ తేడా కడుపులో ఉన్న ఒక్క గీత. వత్తుల సంగతి చెప్పక్కర్లేదు. భూతద్దం పెట్టి చూడండి, మీ కార్డులో పాడైనవి అవే అయి ఉంటాయి.

పూలరేకుల కాగితం లేజర్ ప్రింటర్‌లో అసలు పెట్టకండి. లోపల వేడికి రేకు మాడుతుంది, ఊడిన పీచు డ్రమ్ముకి చుట్టుకుంటుంది. బాగుచేసేవాడి బిల్లు మీ కార్డుల బిల్లుని దాటుతుంది.

నేనైతే మేటర్‌ని నున్నటి 120 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 120 గ్రాములు తూగే) కాగితం మీద ప్రింట్ తీసి, అంచులు శుభ్రంగా కోసి, హ్యాండ్‌మేడ్ పేపర్ మీద అతికిస్తాను. చుట్టూ ఒక వేలెడు పూలకాగితం కనబడాలి. అతకడానికి తెల్ల ఫెవికాల్ వద్దు, అందులో నీటికి కాగితం ముడతలు పడుతుంది. డబుల్ సైడ్ టేపు వాడండి. అక్షరాలు నేరుగా ఆ కాగితం మీదే ఉండాలన్న పట్టుదల ఉంటే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఆ ఇంకు చిక్కగా పైనే నిలబడుతుంది. రంగు రంగుకీ వేరే స్క్రీన్ కట్టాలి కాబట్టి ఒక్క రంగుతో సరిపెట్టుకోండి. కుంకుమ ఎరుపు ఒక్కటే చాలు, బంగారం రంగు కూడా కావాలంటే ఖర్చు దాదాపు రెట్టింపు.

ఫాంట్ గురించి అడగలేదు కానీ చెప్తాను. మండలి, పెద్దన, రామభద్ర లాంటి తెలుగు యూనికోడ్ (ఫోన్లలో, కంప్యూటర్లలో ఇప్పుడు అందరూ వాడే పద్ధతి) ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర లావుగా ఉంటుంది, వధూవరుల పేర్లకి బాగుంటుంది. మేటరంతా అందులోనే కొడితే మాత్రం కార్డు సినిమా పోస్టర్‌లా తయారవుతుంది.

ఇక పగుళ్లు. మిల్లు కాగితానికి చెక్కకున్నట్టే పీచు ఒక దిక్కుగా ఉంటుంది. కార్డుని మడవకుండా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి అరచేతుల మధ్య మెల్లగా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే మడత అటు పెట్టాలి. మడతకి ముందు స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా ఒక గీత లాగండి. ప్రెస్సులో క్రీజింగ్ అనేది దీన్నే. గీత గాడిలా పడ్డ వైపు కార్డుకి బయటి వైపు కావాలి, లోపలి వైపు కాదు. చాలామంది ఇక్కడే తిరగేస్తారు.

మేటర్ వాట్సాప్‌లో పంపితే ప్రెస్సు అతను "రాదు, మళ్లీ కొట్టాలి" అన్నాడు. కొట్టినదాంట్లో ఎనిమిది తప్పులు. కాపీ చేసి పెట్టుకోలేడా?
— పాఠకుడు, ఉప్పల్

అతను అబద్ధం చెప్పలేదు. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలామంది అను ఫాంట్లలో పనిచేస్తారు. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. మీ ఫోన్‌లోని తెలుగు అక్కడ అతికిస్తే డబ్బాలూ ప్రశ్నార్థకాలూ వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి కానీ వత్తుల దగ్గర తడబడతాయి. అందుకే మళ్లీ కొడతారు, మళ్లీ కొడితే తప్పులు పడతాయి.

ఇంకో రహస్యం చెప్పనా? ఎవరూ కొత్త కార్డు మొదట్నుంచీ కొట్టరు. పాత ఫైలు తెరిచి పేర్లు మారుస్తారు. నేనూ అంతే. ఒకసారి ఒకళ్ల కార్డు కింద "మా పిన్ని పెళ్లికి మీరంతా రావాలి" అన్న వాక్యం కింద ముందు పెళ్లివాళ్ల పిల్లల పేర్లు అలాగే ఉండిపోయాయి. 400 కార్డులు అచ్చయిపోయాయి. "ఈ చిన్నారులు ఎవరి పిల్లలు?" అని పెళ్లికొడుకు వైపువాళ్లు అడిగారట. నా డబ్బుతో మళ్లీ వేయించాను. అప్పట్నుంచి ప్రూఫ్ (అచ్చుకి ముందు సరిచూసే కాపీ) కింది నుంచి పైకి చదువుతున్నాను. పైనున్న వినాయకుణ్ణీ, పేర్లనీ అందరూ చూస్తారు, కింది రెండు లైన్లు ఎవరూ చూడరు.

ప్రూఫ్ ఫోన్‌లో చూసి "ఓకే" అనకండి. కాగితం మీద తీయించి, ఇంటిపేర్లు తెలిసిన పెద్దవాళ్ల చేత ఒకసారి, పెళ్లి సంగతి ఏమీ తెలియని పక్కింటివాళ్ల చేత ఒకసారి చదివించండి. ఫోన్ నంబర్లు చూసి చదవడం కాదు, డయల్ చేయండి.

కార్డుల మూలలకి పసుపు రాస్తే కొన్నింటికి ఎర్రగా మారింది. అత్తగారు అపశకునం అంటున్నారు.
— కొత్త కోడలు, బోడుప్పల్

శకునం కాదమ్మా, సబ్బు. పసుపుకి సున్నం గానీ సబ్బు గానీ తగిలితే ఎరుపెక్కుతుంది. పారాణి చేసేది పసుపూ సున్నమూ కలిపే కదా, అత్తయ్యగారికి అదే చెప్పండి. టేబుల్ సర్ఫు నీళ్లతో తుడిచి, దాని మీదే కార్డులు పరిచి ఉంటారు. పొడిబట్టతో తుడిచి పాత న్యూస్‌పేపర్ వేసుకోండి. పసుపు గట్టిగా, చందనంలా తడపండి. నీళ్లెక్కువైతే మూల ఉబ్బి కార్డు వంకరపోతుంది. పూర్తిగా ఆరాకే కవర్లో పెట్టండి.

కార్డులకి పాతబస్తీలోని ఛత్తా బజార్ వెళ్లమంటున్నారు. అక్కడ ఉర్దూ కార్డులే కదా? ఎన్ని వేయించాలో కూడా చెప్పండి.
— పాఠకురాలు, వనస్థలిపురం

ఒకప్పుడు అక్కడ కాతిబులు (అందంగా రాసే లేఖకులు) కూర్చుని ఉర్దూ పెళ్లి రుక్కాలు, అంటే శుభలేఖలు, చేత్తో రాసేవారు. ఉర్దూ టైపు చేసే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ కలాలు చాలావరకు పక్కకి పోయాయి. ఇప్పుడు అక్కడ అన్ని భాషల కార్డులూ వేస్తారు. శాంపిల్ ఆల్బమ్‌లో మెరుపు చూసి మురిసిపోకుండా, తెలుగు మేటర్ ఎవరు కొడతారో అడగండి.

తలలు లెక్కపెట్టకండి, గడపలు లెక్కపెట్టండి. దాని మీద ఓ పాతిక ఎక్కువ వేయించండి. ప్లేటు చేసి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేటు ఖర్చు 100 వేసినా 300 వేసినా ఒకటే, తర్వాత విడిగా 20 కావాలంటేనే దెబ్బ. వందలోపైతే డిజిటల్ ప్రింటింగ్ మేలు.

పోస్టులో పంపేవి ఉంటే వంటింటి త్రాసు మీద పెట్టి చూడండి. ఉత్తరానికి మొదటి శ్లాబు 20 గ్రాములు. 300 జీఎస్ఎం ఏ4 కార్డు ఒక్కటే 18.75 గ్రాములు తూగుతుంది, కవరు కలిస్తే దాటిపోతుంది. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కౌంటర్‌లో స్పీడ్ పోస్టు అనే అడగండి.

చదివింపుల కవర్లు ఇంట్లో చేయాలనుంది. కొలతలు చెప్పగలరా?
— డిగ్రీ విద్యార్థిని, సైదాబాద్

500 నోటు 150 మిల్లీమీటర్ల పొడవు, 66 వెడల్పు. కవరు 165 పొడవు, 78 ఎత్తు ఉంటే నోటు మడవకుండా పడుతుంది. ఏ4 కాగితంలో 189కి 181 ముక్క కోయండి. 189 వైపు అటూ ఇటూ 12 చొప్పున అతుకుపట్టీలు, మధ్యలో 165. 181 వైపు 78, 78 రెండు ముఖాలు, మిగిలిన 25 పైమూత. ఒక ముఖానికి మాత్రమే పట్టీలు ఉంచి, రెండో ముఖం పక్కనా మూత పక్కనా వాటిని కోసేయండి. కాగితం 120 జీఎస్ఎం చాలు, అంతకంటే మందమైతే మూత లేచి నిలబడుతుంది.

రూపాయి బిళ్ల మూత మీద అతికించకండి, బరువుకి తెరుచుకుంటుంది. ముందు ముఖం మీద కుడివైపు పెట్టండి. టేపుతో కాదు, బిళ్ల పట్టే రెండు చిన్న చీలికలు కోసి అందులో దూర్చండి. మా మేనకోడలు అలా చేసిన కవర్లు నలభై ఇచ్చింది, ఒక్క బిళ్లా రాలలేదు. మిగిలిన ముక్కలు పారేయకుండా రిటర్న్ గిఫ్టులకి పేరు ట్యాగులు కోసుకో.