మాస్టారిని అడగండి

ప్రశ్న: శత్రుదేశం అణుబాంబు తయారు చేస్తుంటే బాంబులేసి పడగొట్టేస్తే పోలా అంటాడు మా బావ. నిజమేనా మాస్టారూ?
- ఓ పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మా మల్లేశ్వరంలో పొద్దున్నే కాఫీ దగ్గర ఇదే మాట అనే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. 1981 జూన్ 7న ఇజ్రాయెల్ విమానాలు ఇరాక్‌లో ఒసిరాక్ అణు రియాక్టర్‌ను కూల్చేశాయి. తర్వాత అక్కడి పాలకుడు సద్దాం రహస్యంగా, ఇంకా పెద్ద ఎత్తున బాంబు పని మొదలెట్టాడు. 1991 యుద్ధం అయ్యాక తనిఖీకి వెళ్ళినవాళ్ళకు గానీ అదంతా బయటపడలేదు.

బాంబుకైనా కరెంటుకైనా యురేనియాన్ని శుద్ధి చేయాలి, అంటే పనికిరానిది ఏరేసి పనికొచ్చే రకం శాతం పెంచాలి. ఆ లెక్క క్లాసులో బియ్యంతో చెప్పేవాణ్ణి. చేటలో వెయ్యి గింజలుంటే పనికొచ్చేవి ఏడే. కరెంటుకు 4 శాతం చాలు. అంటే 825 గింజలు ఏరి పారేయాలి. అక్కడికే పనిలో సింహభాగం అయిపోయింది! 60 శాతానికొస్తే చేటలో మిగిలేవి పన్నెండు. బాంబుకు కావలసిన 90 శాతానికి ఇంకో నాలుగు తీసేస్తే సరి.

అమెరికా తదితర దేశాలతో కుదిరిన 2015 అణు ఒప్పందం ఇరాన్ శుద్ధిని 3.67 శాతం దగ్గర ఆపింది. 2018లో అమెరికా దాన్నుంచి తప్పుకుంది. 2021లో ఇరాన్ 60 శాతానికి చేరింది. అందుకే నా ఓటు తనిఖీలకే. అయితే లిబియా పాలకుడు గడాఫీ 2003లో తన అణుబాంబు ప్రయత్నాలన్నీ వదులుకుని, సామగ్రి అప్పగించి, 2011లో తిరుగుబాటుదారుల చేతిలో చచ్చాడు. అది చూసినవాడు ఇంకెందుకు వదులుకుంటాడు అని మీ బావ అడిగితే మాత్రం, నా దగ్గరా జవాబు లేదు.