నాన్న సాగు చేస్తున్న పొలాన్ని సేంద్రియంలోకి మార్చవచ్చా?

ప్రశ్న: వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మాకున్నది ఎకరంన్నర. నాన్న రసాయన ఎరువులతో కూరగాయలు పండిస్తారు. చదువు పూర్తికాగానే ఇంటికి వచ్చి, పొలమంతా సేంద్రియ సాగులోకి మార్చాలని నా కోరిక. నష్టపోతామని నాన్న అంటున్నారు. ఉద్యోగం చూసుకోమని అమ్మ అంటోంది. ఏం చేయాలి?

జవాబు: మీ నాన్నగారి భయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో చాలావరకు నిజం ఉంది. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. అంత నత్రజనిని పశువుల ఎరువుతో ఇవ్వాలంటే, ఎరువులో అర శాతం ఉందనుకున్నా 4.14 టన్నులు కావాలి. అదీ మొదటి పంటకు అందేది కొంతే, మిగతాది నేలలో నెమ్మదిగా విడుదలవుతుంది. భుజాన వేసుకుని గట్టు దాటించే ఒక్క బస్తా పనికి ఇప్పుడు ఎరువు కొనాలి, తోలించాలి, చల్లించాలి. పశువులు ఇంట్లోనే ఉంటే లెక్క వేరు. ఉన్నాయో లేవో మీరు రాయలేదు.

ఇక కలుపు. క్యారెట్ మడి దగ్గర కూర్చుని చూడండి. మొలిచి రెండు వారాలైనా మొక్కలు వెంట్రుకల్లా సన్నగానే ఉంటాయి. వరుసల మధ్య పనిముట్టు నడుస్తుంది గానీ, వరుసలోని కలుపును వేళ్లతో ఒక్కొక్కటిగా తీయాల్సిందే. కలుపు మందు ఖర్చు పోయిన చోట కూలి ఖర్చు వచ్చి కూర్చుంటుంది. పురుగు విషయమూ అంతే. సేంద్రియంలోనూ వేప, బీటీ (పురుగును చంపే ఒక బ్యాక్టీరియాతో చేసిన మందు) వంటివి కొట్టాలి. వాటిని సకాలంలో కొట్టకపోతే పని చేయవు.

అయినా మీ కోరిక తప్పని నేను అనను. 2015లో డేవిడ్ క్రౌడర్, జాన్ రెగనాల్డ్ అనే పరిశోధకులు అయిదు ఖండాల్లో 55 పంటలపై జరిగిన అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. సేంద్రియంలో దిగుబడి 10 నుంచి 18 శాతం తక్కువ, కూలి ఖర్చు 7 నుంచి 13 శాతం ఎక్కువ అని తేలింది. అదనపు ధర దొరికిన చోట మాత్రం లాభం 22 నుంచి 35 శాతం ఎక్కువగా ఉంది. ఆ అదనపు ధరను తీసేస్తే సేంద్రియం వెనకబడిపోయింది. మీ ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది. పొలంలో తగ్గినదాన్ని అమ్మకంలో రాబట్టుకోగలరా లేదా అన్నదే అసలు సంగతి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇప్పుడు 100 బుట్టలు పండి, 60 బుట్టల విలువ ఖర్చు పోతే 40 మిగులుతాయి. సేంద్రియంలో ఖర్చు అంతే ఉండి 82 బుట్టలే పండితే, పాత ధరకు మిగిలేది 22. పది శాతం ఎక్కువ ధర వచ్చినా మిగిలేది దాదాపు 30. పాతిక శాతం ఎక్కువ వస్తే 42కు పైగా మిగులుతుంది. అందుకే ముందు కొనేవాళ్లను వెతకండి, తరువాతే విత్తనం. కూరగాయ నిలవ ఉండదు. కోసిన రోజు అమ్ముడుపోకపోతే మామూలు ధరకే వదులుకోవాలి.

మారే కాలం మరింత కష్టం. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ మార్గదర్శకాల ప్రకారం, ఏడాది పంటలకు సేంద్రియ ముద్ర కావాలంటే విత్తడానికి ముందు సాధారణంగా కనీసం రెండేళ్లు సేంద్రియ పద్ధతిలో సాగు చేసి ఉండాలి. అంటే దిగుబడి తగ్గుతుంది, ముద్ర మాత్రం ఇంకా రాదు. చాలా చిన్న కుటుంబాలు చితికిపోయేది ఆ రెండేళ్లలోనే. ధ్రువీకరణ రుసుము కూడా పొలం చిన్నదని పెద్దగా తగ్గదు. అందుకే ఒంటరిగా కాకుండా తోటి రైతులతో కలిసి బృంద ధ్రువీకరణకు వెళ్లండి. నేరుగా దగ్గరివారికే అమ్మేటట్టయితే, రైతులూ కొనేవారూ కలిసి పొలాలను పరిశీలించుకునే భాగస్వామ్య హామీ పద్ధతి చౌక.

కాబట్టి నా సలహా: పొలమంతా ఒకేసారి మార్చకండి. పావు భాగంతో మొదలుపెట్టండి. పక్క మడి నుంచి మందు తుంపరలు ఎగిరి రాని మూల చూసుకోండి. మిగతా భాగం మీ నాన్నగారి పద్ధతిలోనే నడవనివ్వండి. ఆ రెండేళ్లూ మీరు ఉద్యోగం చేయండి, కానీ ఏ ఉద్యోగమైనా సరే అనుకోకండి. కూరగాయలు కొని గ్రేడు చేసి పంపే సంస్థలో గానీ, రైతు బృందాల రికార్డులు చూసే క్షేత్ర సిబ్బందిగా గానీ చేరండి. సరుకు ఎందుకు తిరిగి వస్తుందో, ఏ వారం ధర పడిపోతుందో అక్కడ రోజూ కళ్లారా చూస్తారు. తరగతిలో ఇది దొరకదు. జీతం ఆ పావు భాగానికి రక్షణగా ఉంటుంది, అమ్మగారికీ కొంత నిశ్చింత.

ఈ పంట నుంచే ఒక నోటు పుస్తకం పెట్టండి. రెండు భాగాలకూ ఖర్చు, దిగుబడి, అమ్మిన ధర వేర్వేరుగా రాయండి. ఇంటివాళ్ల పని గంటలూ రాయండి, లేకపోతే జీతం లేని శ్రమ లాభంలా కనిపిస్తుంది. చివరికి ఏ భాగంలో పని దినానికి ఎంత మిగిలిందో నాన్నగారికి చూపించండి. ముఖ్యంగా అమ్మగారు కలుపు తీసిన పూటలను వదిలేయకండి. ఆ గంటలను సాధారణంగా ఎవరూ రాయరు.