ఒక్కడే పడుకునే పిల్లాడు ఉన్నట్టుండి ఎందుకు మొండికేస్తున్నాడు?

ప్రశ్న: మాది నల్గొండ. బాబుకు రెండేళ్ల ఎనిమిది నెలలు. ఏడాదిగా పక్క గదిలో తన చిన్న మంచం మీద ఒక్కడే పడుకునేవాడు. కాసేపు జోకొట్టి వచ్చేస్తే తెల్లారేదాకా లేచేవాడు కాదు. ఎండాకాలంలో నెలరోజులు అచ్చంపేట దగ్గర మా తల్లిగారింట్లో ఉండి వచ్చాం. అప్పటి నుంచి ఆ గదిలోకి రమ్మంటేనే ఏడుపు. నిద్రపోయాక నేను లేచి వచ్చినా, అర్ధరాత్రి మేలుకొని వెతుక్కుంటూ వస్తున్నాడు. నాకిప్పుడు ఆరో నెల. వచ్చే నెల శ్రీమంతం చేసి నన్ను, బాబును పుట్టింటికి తీసుకెళ్తారు. డెలివరీలోపు వీడు మళ్లీ విడిగా పడుకోకపోతే ఎట్లా అని టెన్షన్. మావారు మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తారు, ఇంటికి వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది. ‘రెండ్రోజులు ఏడిస్తే వాడే అలవాటు పడతాడు’ అని మొన్న బయట గడియ పెట్టారు. మా అత్తమ్మేమో ‘పసిపోరన్ని ఒక్కణ్ణి పండబెట్టుడేంది’ అంటుంది. దిష్టి తగిలింది, తాయెత్తు కట్టిద్దామంటుంది. ఇంటికి వచ్చినవాళ్లు ‘తమ్ముడొస్తుండు, ఇగ నీ మంచం ఆయనకే’ అని ఆటపట్టిస్తుంటారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

జవాబు: చుట్టాలు ఆటపట్టించే సంగతి మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నేను దాని దగ్గరే మొదలుపెడతాను. ఈ వయసు పిల్లాడికి హాస్యం వేరు, నిజం వేరు అని తెలియదు. మంచం పోతుందంటే పోతుందనే నమ్ముతాడు. ‘మీ అమ్మ ఇగ నిన్ను పండబెట్టుకోదు’ అని కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. పైగా అందుకు తగ్గట్టే ఇంట్లో అన్నీ మారుతున్నాయి. అమ్మ ఎత్తుకోవడం తగ్గించింది. వచ్చినవాళ్లంతా అమ్మ పొట్ట గురించే మాట్లాడుతున్నారు. సరిగ్గా ఇప్పుడే పక్క గదికి పొమ్మంటే, అందరూ చెప్పింది జరగడం మొదలైందనే అనుకుంటాడు. రాత్రిళ్లు మిమ్మల్ని అంటిపెట్టుకోవడం అందుకే కావచ్చు.

ఈ హాస్యం ఇవాళే ఆగాలి. వచ్చినవాళ్లను మీరు కాదనలేకపోతే ఆ పని మీ అత్తమ్మకు అప్పజెప్పండి. పెద్దావిడ ఒక్కసారి ‘పోరని ముందట అట్ల అనకుండ్రి’ అంటే మళ్లీ ఎవరూ నోరెత్తరు. పుట్టబోయే బిడ్డకు ఊయల చాలు, చిన్న మంచం వీడిదే అని మీరూ వాడి ముందు నలుగురిలో చెప్పండి, ఆ మాట మీద నిలబడండి.

ఇక అచ్చంపేట సంగతి. మే నెల ఉక్కపోతలో ఊళ్లో ఇంటి లోపల పడుకునేదెవరు? డాబా మీద వరసగా పక్కలు వేసుకుని, ఒక పక్క అమ్మమ్మ, ఇంకో పక్క మేనమామ, నడుమ వీడు పడుకుని ఉంటారు. రెండున్నరేళ్ల వాడికి నెలరోజులంటే పాత అలవాటు పోయి కొత్తది కుదురుకోవడానికి సరిపోయేంత కాలం. వాడికిప్పుడు నిద్ర అంటే పక్కన మనిషి ఉండటం. ఇందులో మొండితనం ఏమీ లేదు.

అర్ధరాత్రి వెతుక్కుంటూ రావడానికి ఇంకో కారణం ఉంది. రాత్రి నిద్రలో పిల్లలే కాదు, మనమూ చాలాసార్లు పైపైకి తేలి మళ్లీ మునిగిపోతుంటాం. కళ్లు మూసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటే మెలకువ వచ్చినట్టు కూడా గుర్తుండదు. వాడు మీ చెయ్యి పట్టుకుని నిద్రపోతాడు, లేచి చూస్తే మీరు ఉండరు. రెండుసార్లు అట్లా జరిగితే మూడో రాత్రి కళ్లు మూయడానికే భయపడతాడు. పగలు చెకప్‌కు వెళ్లేటప్పుడు కూడా వాడి కళ్లు గప్పి వెళ్తున్నారేమో చూసుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, చెప్పే వెళ్లండి, చెప్పిన వేళకు రండి. చాటుగా మాయమయ్యే మనిషిని ఏ పిల్లాడూ ఒక్క నిమిషం కూడా వదలడు.

మీవారితో ఒక మాట. కాసేపు ఏడవనిచ్చే పద్ధతులు ఎక్కువగా నెలల పిల్లల కోసం చెప్పినవి. వాటివల్ల పిల్లలు జీవితాంతం దెబ్బతింటారని నేను అనను. కానీ కొత్తగా భయం పట్టుకున్న రెండున్నరేళ్ల వాడికి ఈ సమయంలో అవి పనికిరావు. బయట గడియ పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. లోపల వాడికి ఏమైనా మీకు తెలియదు. పైగా ఆ గది అంటే జైలు అని మీరే నేర్పినట్టవుతుంది.

మీ అత్తమ్మ మాటలో సగం నిజం ఉంది. ఈ వయసులో ఒక్కడే పడుకుని తీరాలన్న నియమమేమీ లేదు. నా సలహా ఏమిటంటే, విడిగా పడుకోబెట్టే ప్రయత్నం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వచ్చే నెల ఎలాగూ పుట్టింటికి వెళ్తున్నారు. అక్కడ మళ్లీ అందరూ ఒకే చోట పడుకుంటారు. మధ్యలో ఈ నాలుగు వారాలు యుద్ధం చేసి గెలిచినా అక్కడికి వెళ్లాక నిలవదు. వాడి పరుపు మీ గదిలో కింద, గోడ పక్కగా వేయండి. మీరు పడుకునే వైపు కాకుండా నాన్న వైపు వేస్తే మంచిది.

గది మారినా ఫరవాలేదు, వరస మారకూడదు. కాళ్లు చేతులు కడగడం, పాలు, పళ్లు తోమడం, ఒక చిన్న కథ, జీరో బల్బు. రోజూ ఇదే వరస, ఇంచుమించు ఇదే వేళ. అచ్చంపేటకు వెళ్లినా వాడి దిండు, దుప్పటి వెంట తీసుకెళ్లి అక్కడా ఇదే సాగించండి. పగటి నిద్ర మూడున్నర దాటకుండా చూడండి. ఏడాది దాటి మూడేళ్లలోపు వాళ్లకు పగలు, రాత్రి కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నాన్న పదింటికి వస్తాడని అప్పటిదాకా ఫోన్ చేతికిచ్చి మేలుకొని ఉంచితే అది కుదరదు. అలసిపోయిన పిల్లాడు ఇంకా ఎక్కువ పేచీ పెడతాడు. నాన్నకు పొద్దున ఒక అరగంట వాడితో గడపడం వీలవుతుందేమో చూడండి. బూచోడొస్తడని భయపెట్టి పడుకోబెట్టడం కూడా మానేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మీరు కాకుండా ఇంకొకరి దగ్గర నిద్రపోవడం వాడికి అలవాటవ్వాలి. మీరు ఆసుపత్రిలో ఉండే రాత్రుళ్లు ఎలాగూ తప్పవు. ఆపరేషన్ అయితే అవి ఇంకా ఎక్కువవుతాయి. ఇక్కడ ఉన్నన్నాళ్లూ అత్తమ్మ, అక్కడికి వెళ్లాక అమ్మమ్మ కథ చెప్పి పడుకోబెట్టనివ్వండి. మొదట్లో మీరూ పక్కన కూర్చోండి. వాడు కుదుటపడుతున్న కొద్దీ గుమ్మం దాకా, తర్వాత హాల్లోకి జరగండి. రెండు మూడు వారాలు పట్టవచ్చు. అమ్మ ఆసుపత్రికి వెళ్తుందని, అమ్మమ్మ దగ్గర పడుకోవాలని, మళ్లీ వస్తుందని ముందే చెప్పి ఉంచండి. బిడ్డ పుట్టాక వీడు ఒకే గదిలో ఉన్నా పసిబిడ్డ పక్కలో మాత్రం పడుకోబెట్టకండి. నిద్రలో కాలో చెయ్యో మీద పడవచ్చు. వీడి పరుపు వేరుగానే ఉండాలి. మీరు నల్గొండ తిరిగి వచ్చి పసిబిడ్డతో కాస్త నిలదొక్కుకున్నాక చిన్న గది గురించి ఆలోచించవచ్చు.

దీన్నంతా మనసుకే అంటగట్టేముందు ఒంట్లో బాగుందో లేదో చూడాలి. పడుకోగానే చెవి పట్టుకుని ఏడుస్తున్నాడా? వెనక దవడ పళ్లు రెండు, మూడేళ్ల మధ్యే వస్తాయి. నోరు తెరిచి గురక పెడుతున్నాడా? రాత్రి పూట మలద్వారం దగ్గర గోక్కుంటుంటే నులిపురుగులు కావచ్చు. సాధారణంగా ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల ప్రాంతంలో అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించారో లేదో గుర్తు చేసుకోండి. ఇంట్లో అందరూ వేసుకోవాలని డాక్టరు చెబితే, మీరు గర్భిణి అని చెప్పి అడగకుండా వేసుకోవద్దు. నిద్రపోయిన మొదటి రెండు మూడు గంటల్లో పెద్దగా అరిచి, మిమ్మల్ని కూడా గుర్తుపట్టకుండా ఉంటే గట్టిగా కుదిపి లేపకండి, దెబ్బ తగలకుండా చూస్తే చాలు. కాసేపటికి వాడే సర్దుకుంటాడు, పొద్దున వాడికి గుర్తుండదు. పీడకల అయితే సాధారణంగా తెల్లవారుజామున వస్తుంది. అప్పుడు దగ్గరకు తీసుకోవాలి.

తాయెత్తు విషయంలో అత్తమ్మతో గొడవ అనవసరం. కట్టించనివ్వండి, కానీ మెడకు వద్దు, నిద్రలో బిగుసుకునే ప్రమాదం ఉంది. నోట్లో పెట్టుకునే వీలూ ఉండకూడదు. దిష్టి అనో గాలి సోకింది అనో వాడి ఎదుట అనవద్దని మాత్రం చెప్పండి. నెల దాటినా తగ్గకపోయినా, పగలు కూడా తిండి, ఆట మానేసి అంటిపెట్టుకునే ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించండి. ఈ హడావుడిలో మీకే నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడతారు.