గుటక చూడకుండా గ్లాసు అందించకు

చిట్టీ,

న్యూరో ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కూడా.

బీపీ, పల్స్, కనుపాపలు వేళకు చూడాలని నీకు చెప్పక్కర్లేదు. చూసిందే చార్టులో రాయి.

బ్రెయిన్‌స్టెమ్ మాత్రం మళ్లీ కూర్చుని చదువు, మెదడును వెన్నుపాముతో కలిపే కాడ అది. బొటనవేలంత మందం ఉంటుందేమో, అంతే. పైన మిడ్‌బ్రెయిన్, మధ్యలో పాన్స్, కింద మెడుల్లా. మెలకువ, ఊపిరి, గుండె వేగం, గుటక, అన్నీ ఆ కాస్త చోటునే నమ్ముకుని ఉన్నాయి.

నా ఉద్యోగం మొదటి ఏడాది ఒకాయన వచ్చాడు. తల తిరుగుడు, వాంతులు, ఆగని ఎక్కిళ్లు, బొంగురు గొంతు. చేతులూ కాళ్లూ మాత్రం గట్టిగా ఉన్నాయి. పక్షవాతమంటే చెయ్యి పడిపోవడమే అనుకునేదాన్ని అప్పట్లో. దాహమన్నాడు. నిన్నటి నుంచి ఏమీ తినలేదని ఆయన భార్య ఏడుస్తోంది. "పట్టండమ్మా" అన్నది నేనే. గ్లాసుడు కొబ్బరినీళ్లు పట్టింది. గుటక సరిగా పడక అవి ఊపిరితిత్తుల్లోకి జారాయి, ఆయన పెద్దగా దగ్గలేదు కూడా. మూడో రోజుకు జ్వరం, న్యుమోనియా. వెంటిలేటర్ ఎక్కించారు. దక్కలేదు.

రక్తం అందక దెబ్బతిన్నది మెడుల్లా పక్క భాగం. కాళ్లూ చేతులను కదిలించే నరాల దారి ముందువైపు ఉంటుంది, దానికేమీ కాలేదు. గుటకను నడిపే కణాలు రక్తం ఆగిన ఆ పక్కనే ఉన్నాయి. ఇదంతా పరీక్షలో రాసి పాసయ్యాను. మంచం పక్కన గుర్తు రాలేదు.

ఆ ఇల్లాలు వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "ఆయన దాహమైనా తీర్చావు తల్లీ" అంది. నిజం చెప్పలేకపోయాను. ఇప్పటికీ కొబ్బరిబోండం కొట్టిన చప్పుడు వింటే ఆ చెయ్యే గుర్తొస్తుంది.

గుటక పరీక్ష అయ్యేదాకా చుక్క నీళ్లు వద్దు, మాత్ర కూడా వద్దు. దగ్గు రాలేదని ధైర్యపడకు. "ఆ" అనమని టార్చి వేసి చూడు. కొండనాలుక ఒక పక్కకు లాగినా, మాట గరగరలాడినా వెంటనే డాక్టరుకు చెప్పు. ఇంటివాళ్లు బతిమాలతారు. నీది మీ అమ్మ మనసు, ఎదుటివాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటే కరిగిపోతావు. అక్కడ కరిగావంటే ఊరుకోను! అలాగని వాళ్లను కసరకు. పెదాలు తడిగుడ్డతో ఎలా అద్దాలో చూపించు, పాపం వాళ్లకూ చేతిలో ఓ పని ఉండాలి.

ఆదివారం రా. నా పాత పెన్ టార్చి నీకే, కొత్త సెల్స్ వేసి ఉంచాను.

మీ పెద్దమ్మ