అడగండి, మాస్టారు చెబుతారు

ప్రశ్న: మా వీధిలో జీడిపిక్కల పనికి వెళ్లే ఆవిడ కూతురు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదిలోకి వచ్చింది. తెలివైన పిల్ల. ప్రైవేటు బడిలో వేసి నేనే ఫీజు కడదామనుకుంటున్నాను. ఏడాదికి 30,000 అవుతుందట. ఇన్‌కంటాక్సులో ఏమైనా తగ్గుతుందా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగిని, పలాస

జవాబు: అమ్మా, డబ్బు ఇవ్వండి గానీ పిల్లని బడి మార్చకండి. పేదింటి తెలివైన పిల్లలకి కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసేది ఎనిమిదిలోనే. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 వస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, చదివేది గవర్నమెంటు బడో ఎయిడెడ్ బడో అయ్యుండాలి. ప్రైవేటు బడిలో చేర్చారా, ఆ దారి మూసుకుపోయినట్టే.

ఈ తప్పు నేనూ చేశాను. విజయనగరంలో ఉండగా మా వీధి ఇస్త్రీ బండి ఆయన కొడుకుని ఓ ప్రైవేటు బడిలో ఐదులో వేశాను. రెండేళ్లు కట్టాను. మూడో ఏడు మా అమ్మాయి పెళ్లి. ‘వచ్చే నెల’ అంటూ జరిపాను. బాకీ ఉన్న పిల్లల్ని ప్రేయర్లో నిలబెట్టేవారట. దసరా సెలవులయ్యాక వాడు బడికి పోలేదు. టీసీ అడిగితే ముందు బాకీ తీర్చమన్నారు. వాళ్ల నాన్న నా చొక్కా మడత పెడుతూ, ‘మీ తప్పేటుంది మాస్టారూ’ అన్నాడు, తలెత్తకుండానే. ఆ పూట ఇస్త్రీ డబ్బులు తీసుకోలేదు.

అందుకే ఏడాదికి కడదామనుకున్న ఆ 30,000నీ నెలనెలా కొంత చొప్పున మీ పేరునే పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, మధ్యాహ్న భోజనం బడే ఇస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద 2025లో పిల్లకి 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడ్డాయి కూడా. అసలు ఖర్చు పది తర్వాత మొదలవుతుంది. పది కాగానే ఇంజినీరింగు చదువుకి చేర్చుకునే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, గవర్నమెంటు బడి పిల్లలకి కాస్త మొగ్గు కూడా ఉంది. సీటు వచ్చిన వారంలో పెట్టె, పక్కబట్టలు, ప్రయాణాలు అన్నీ ఒక్కసారే మీదపడతాయి.

ఇప్పుడు కొనాల్సింది ఆదివారం. పలాసలో పనిచేసినప్పుడు సోమవారం నోటుబుక్కుల మీద నల్లటి వేలిముద్రలు చూసి, ఎవరు అమ్మ వెంట పిక్కలకి వెళ్లారో చెప్పేసేవాణ్ణి. జీడి మరక సబ్బుకి పోదు. మీ పిల్ల కూడా వెళ్తోందేమో కనుక్కోండి. వెళ్తోంటే, ఆ ఒక్కరోజు కూలి తల్లి చేతిలో పెట్టి, పిల్లని మీ వరండాలో కూర్చోబెట్టి లెక్కలు చేయించండి.

పన్ను సంగతి: ట్యూషన్ ఫీజుకి పన్ను మినహాయింపు సొంత పిల్లలకే. విరాళానికి మినహాయింపు కావాలంటే అనుమతి ఉన్న సంస్థకి ఇవ్వాలి, అదీ నగదైతే 2,000 దాటకూడదు. కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ రెండూ లేవు. పక్కింటి పిల్లకి చేసే సాయానికి రసీదు రాదమ్మా.

ముందు ఆధార్‌లో పిల్ల పేరూ, బడి రిజిస్టర్లో పేరూ ఒక్కలా ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి, నా దగ్గర చదివిన పిల్లల్లో ఇద్దరికి స్కాలర్‌షిప్ డబ్బు ఏడాదిపాటు ఆగిపోయింది.